300 ఎకరాల వరిగడ్డి, 40 గేదెలు: ఇథనాలా, గ్యాసా, గుళికలా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: నల్గొండ జిల్లాలో ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘం. సభ్యుల పొలాలు 300 ఎకరాలు, రెండు పంటలూ వరే. హార్వెస్టర్ కోశాక గడ్డి మళ్లలోనే కాలిపోతోంది. సంఘానికి 40 గేదెల డెయిరీ ఉంది, పక్కనే లేయర్ కోళ్ల షెడ్డు ఉంది. "గడ్డి నుంచి ఇథనాల్ వస్తుందంటున్నారు, సీబీజీ (శుద్ధి చేసి నొక్కిన బయోగ్యాస్) అంటున్నారు, గడ్డిని కాల్చే గుళికలుగా చేసే పెల్లెట్ మిషన్ల వాళ్లు తిరుగుతున్నారు. మేం ఏది పెట్టాలి?"

ముందు మీ చేతిలో ఉన్న గడ్డి ఎంతో లెక్క వేద్దాం. హార్వెస్టర్ మోకాలెత్తు మోళ్లు వదిలేస్తుంది. బేలర్‌కు అందేది ఎకరాకు టన్ను, బాగా వచ్చిన చోట టన్నుంపావు. 300 ఎకరాలు, రెండు పంటలు అంటే ఏడాదికి 600 నుంచి 700 టన్నులు. రోజుకు పంచితే రెండు టన్నులకు కాస్త తక్కువ. మళ్లలో కుప్పలుగా చూసినప్పుడు కొండలా కనిపించే గడ్డి, ఫ్యాక్టరీ లెక్కలో రెండు ట్రాక్టర్ల లోడు కూడా కాదు. మీకు వచ్చే ప్రతి సలహానూ ఈ అంకె పక్కన పెట్టి చూడండి.

ఇథనాల్ సంగతి తేల్చేద్దాం. నూరు కిలోల ఎండు వరిగడ్డిలో సెల్యులోజ్ దాదాపు 35 కిలోలు, హెమీసెల్యులోజ్ 20 నుంచి 25, లిగ్నిన్ 12 నుంచి 15, బూడిద 12 నుంచి 18 కిలోలు. ఆ బూడిదలో ముప్పావు వంతు సిలికా, అంటే ఇసుకే. సెల్యులోజ్ అంటే గ్లూకోజ్ గొలుసు కాబట్టి, అంతటినీ విడగొట్టి పులియబెడితే టన్నుకు 250 లీటర్ల ఇథనాల్ రావాలి. అది కాగితం మీది మాట. 2022 ఆగస్టు 10న ప్రారంభమైన ఇండియన్ ఆయిల్ పానిపట్ ప్లాంటు ప్రకటించిన సామర్థ్యం చూడండి: ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డి, 3 కోట్ల లీటర్ల ఇథనాల్. టన్నుకు 150 లీటర్లు. పెట్టుబడి 900 కోట్ల రూపాయల పైమాటే. మీలాంటి సంఘాలు 300 కలిస్తే దానికి సరిపడా గడ్డి అవుతుంది.

చిన్నగా ఎందుకు కుదరదంటే, సెల్యులోజ్ చుట్టూ లిగ్నిన్ గోడ కట్టుకుని ఉంటుంది. దాన్ని వదిలించడానికి పలుచని ఆమ్లంతో 160 నుంచి 200 డిగ్రీల ఆవిరిలో, పీడనంలో ఉడికించాలి. అప్పుడు కూడా సెల్యులోజ్ తనంతట తాను చక్కెర కాదు, ఎంజైములు కొని పోయాలి. ఉడికించడం కాస్త ఎక్కువైతే చక్కెరలే ఫర్‌ఫ్యూరాల్ అనే రసాయనంగా మారి ఈస్టును చంపుతాయి. తక్కువైతే ఎంజైము లోపలికే పోదు. పైగా హెమీసెల్యులోజ్ నుంచి వచ్చే జైలోజ్‌ను మామూలు ఈస్టు ముట్టదు. అంటే గడ్డిలో ఐదో వంతుకు పైగా సరుకు వృథా, లేదంటే దానికోసం వేరే జాతి ఈస్టు. "ఇంటి వెనుక ఇథనాల్" అని ఎవరైనా అమ్మజూపితే మర్యాదగా టీ తాగించి పంపేయండి.

గ్యాసు విషయంలో పరిస్థితి వేరు. పేడలోని సూక్ష్మజీవులు సెల్యులోజ్‌తో పాటు హెమీసెల్యులోజ్‌నూ తింటాయి. మొదటిది తియ్యటి చక్కెరా, రెండోది పనికిరాని చక్కెరా అన్న తేడా వాటికి లేదు. అందుకే ఒక టన్ను గడ్డి ఇథనాల్‌గా 3.2 గిగాజౌళ్ల శక్తి ఇస్తే, ముక్కలు కొట్టి పేడతో కలిపి మురగబెడితే 225 ఘనపు మీటర్ల బయోగ్యాస్‌గా 4.4 గిగాజౌళ్ల దాకా ఇస్తుంది. అదీ ఆమ్లం, ఎంజైము, బట్టీ ఏమీ లేకుండా. లిగ్నిన్ మాత్రం రెండు దారుల్లోనూ మిగిలిపోతుంది. దాన్ని పొలానికి వదిలేయడమే.

కాబట్టి మీకు నా సలహా: గ్యాసు ప్లాంటు పెట్టండి, కానీ గడ్డికి తగ్గట్టు కాకుండా మీ పేడకు తగ్గట్టు కట్టండి. మిగిలిన గడ్డిని బేళ్లుగా అమ్మండి. ఎందుకో లెక్కలో చూపిస్తాను.

40 గేదెల నుంచి రోజుకు చేతికందే పేడ తలకు 15 కిలోల చొప్పున 600 కిలోలు. కిలో పేడకు 40 లీటర్ల గ్యాసు అన్న పాత ఖాదీ కమిషన్ లెక్క ఇప్పటికీ నమ్మదగినదే, అంటే 24 ఘనపు మీటర్లు. దీనికి రోజుకు 100 కిలోల గడ్డి కలపండి. తేమ, బూడిద తీసేస్తే అందులో కుళ్లే పదార్థం 75 కిలోలు. కిలోకు 0.3 ఘనపు మీటర్లు అనుకుంటే 22 ఘనపు మీటర్లు. ఒక క్వింటాలు గడ్డి మీ 40 గేదెల పేడతో దాదాపు సమానం! కారణం తేలికే: పేడలో 80 శాతానికి పైగా నీరు, మిగిలినదాంట్లో సులువుగా అరిగేదంతా గేదె ముందే అరిగించేసుకుంది.

మరి 100 కిలోల దగ్గరే ఎందుకు ఆగాలి? మొదటి అడ్డు నత్రజని. గడ్డిలో కర్బనం, నత్రజని నిష్పత్తి 60 పైన ఉంటుంది. మురగబెట్టే సూక్ష్మజీవులకు 20 నుంచి 30 మధ్య కావాలి. పై మోతాదులో పేడ, గడ్డి కలిపితే అది 33 దాకా వస్తుంది. ఇక్కడే లేయర్ షెడ్డు అక్కరకొస్తుంది. పంజరాల కింద సగం ఆరిన పెంట రోజుకు 80 కిలోలు కలిపితే నిష్పత్తి 24కు దిగుతుంది, పైగా 8 ఘనపు మీటర్ల గ్యాసు అదనం. మొత్తం రోజుకు 54 ఘనపు మీటర్లు. రెండో అడ్డు కంటికి కనపడదు: నికెల్, కోబాల్ట్‌లాంటి లోహాలు చిటికెడంత లేనిదే మీథేన్ సూక్ష్మజీవులు బతకవు. పేడలో అవి ఉంటాయి, గడ్డిలో చాలవు. ఉత్త గడ్డితో నడిపిన ప్లాంట్లు మొదటి మూడు నెలలు బ్రహ్మాండంగా నడిచి, తర్వాత కారణం తెలియకుండా పులిసిపోయేది అందుకే. ఎండు బరువులో పేడ వాటా సగం దరిదాపుల్లో ఉండేట్టు చూసుకోండి.

కోళ్ల పెంట గురించి ఒక జాగ్రత్త. లేయర్ పెంటకూ బ్రాయిలర్ లిట్టర్‌కూ చాలా తేడా ఉంది. మన దగ్గర బ్రాయిలర్ షెడ్లలో పరిచేది ఊక. ఊక ట్యాంకులో అరగదు. కొన్నాళ్లు తేలి, తర్వాత మునిగి, అడుగున సిమెంటులా పేరుకుంటుంది. లిట్టరే గతి అంటే జల్లించి ఊక తీసేశాక వేయండి. లేయర్ పెంటలో ఊక ఉండదు గానీ గుడ్డుపెంకు కోసం మేపే సున్నపురాయి పలుకులు ఉంటాయి, అవీ అడుక్కే దిగుతాయి. కలిపే తొట్టి అడుగున జానెడు లోతు గుంట, దానికో వాల్వు పెట్టి వారానికోసారి వదిలితే సగం మడ్డి ట్యాంకులోకి పోకుండా ఆగుతుంది. షెడ్డులో మందులు వాడిన వారం పెంట తీసుకోవద్దు. డెయిరీలో ఫినాయిల్ కలిసిన కడుగునీళ్లు కూడా వద్దు.

కోళ్ల పెంట దొరకని రోజులకు యూరియా ఉంది. పశువుల కోసం యూరియా గడ్డి చేసే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది: 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లలో కలిపి చల్లి, పట్టా కప్పి, 21 రోజులు. అదే పద్ధతి ఇక్కడా పనిచేస్తుంది. విడుదలయ్యే అమ్మోనియా లిగ్నిన్‌కూ హెమీసెల్యులోజ్‌కూ మధ్య ముడులను వదులు చేస్తుంది, నత్రజని లోటు కూడా తీరుస్తుంది. అయితే ఇక్కడ 4 కిలోలు ఎక్కువ, 2 కిలోలు చాలు. యూరియా గడ్డీ కోళ్ల పెంటా రెండూ ఒకేసారి వద్దు. నత్రజని మోతాదు మించితే అమ్మోనియా పేరుకుని, లీటరుకు 3 గ్రాములు దాటే దగ్గర్నుంచి గ్యాసు పడిపోతుంది. కాస్టిక్ సోడాలో నానబెడితే ఇంకా ఎక్కువ గ్యాసు వస్తుందన్నది నిజమే. కానీ ఆ సోడియం అంతా స్లర్రీతో మీ మళ్లకే చేరుతుంది. చౌడు భూములు మనకు కొత్త కావు, కొని తెచ్చుకోవద్దు.

ఇప్పుడు ట్యాంకు. పేడ, గడ్డి, పెంట కలిపి ఎండు బరువు 235 కిలోలు. స్లర్రీలో ఘనపదార్థం 9 శాతం ఉండాలంటే మొత్తం 2,600 కిలోలు కావాలి, అంటే రోజుకు 1,800 లీటర్ల నీళ్లు. అందులో సగం దాకా బయటికొచ్చిన స్లర్రీ పలుచనీళ్లనే తిరిగి వాడుకోవచ్చు. సగం దాటితే మళ్లీ అదే అమ్మోనియా గొడవ. ఉత్త పేడకు మన వాతావరణంలో 40 రోజులు సరిపోతుంది, గడ్డి ఉంటే 50 రోజులైనా ఉండాలి. 2.6 గుణించు 50, అంటే 130 ఘనపు మీటర్ల స్లర్రీ పట్టే ట్యాంకు, గ్యాసుకు పైన చోటు వేరే.

దీనబంధు మోడల్, అంటే భూమిలో ఇటుకల గుమ్మటం, దీనికి పనికిరాదు. అది 2, 3, 4 ఘనపు మీటర్ల ఇంటి ప్లాంటుకు మంచి డిజైన్, ఉత్త పేడకు ఇంకా మంచిది. గడ్డి వేస్తే పైన తెట్టు కడుతుంది, విరగ్గొట్టడానికి లోపలికి దారి ఉండదు. మీకు కావలసింది నిలువు గుండ్రటి ట్యాంకు, పైన రబ్బరు పొర లేదా తేలే డ్రమ్ము, లోపల కలియబెట్టే రెక్కలు. రెక్కలు రెండు చోట్ల ఉండాలి: ఒకటి అడుగుకు దగ్గరగా, ఒకటి స్లర్రీ మట్టానికి ఓ అడుగు కింద. పై రెక్క తెట్టును కిందికి లాగేట్టు వంచి ఉండాలి. నిమిషానికి 20 నుంచి 40 చుట్లు, గంటకు 10 నుంచి 15 నిమిషాలు చాలు. ఆపకుండా గిరగిరా తిప్పితే మేలు జరగదు. ఆమ్లం చేసే సూక్ష్మజీవులూ దాన్ని గ్యాసుగా మార్చేవీ గుంపులుగా అతుక్కుని బతుకుతాయి, ఆ గుంపులు చెదిరిపోతాయి. లోపలికి వెళ్లే పైపు 200 మిల్లీమీటర్లకు తగ్గొద్దు. 100 మిల్లీమీటర్ల పీవీసీ పైపు పెట్టినవాళ్లంతా నెల తిరక్కముందే వెదురు కర్రతో పొడుస్తూ కనిపిస్తారు.

గడ్డి తెట్టు కట్టడానికి కారణం రెండు. కాడ లోపల బోలుగా ఉండి గాలి పట్టి ఉంటుంది, పైన మైనంలాంటి పూత ఉంటుంది. అందుకే ఛాఫ్ కట్టర్‌లో అంగుళం ముక్కలు కొట్టి వేస్తే చాలదు. హ్యామర్ మిల్లులో 10 మిల్లీమీటర్ల జల్లెడ పెట్టి కొడితే కాడ నిలువునా చీలుతుంది, గాలి పోతుంది. ఆపైన ట్యాంకు నుంచి వచ్చిన స్లర్రీ నీళ్లలోనే రెండు రోజులు నానబెట్టండి. నానిన గడ్డి పిడికిట్లో పిండితే ముద్దగా నిలవాలి, తేలిపోయేట్టు ఉంటే ఇంకో రోజు ఆగండి. మొత్తం వ్యవస్థలో ఎక్కువ కరెంటు తినేదీ, ఎక్కువ విసిగించేదీ ఈ మిల్లే. గడ్డిలోని సిలికా సుత్తులను అరగదీస్తుంది. సుత్తులు నాలుగు వైపులా తిప్పి వాడుకునే రకం తీసుకోండి, ఒక జత ఎప్పుడూ చేతిలో ఉంచుకోండి.

మిల్లుకంటే ముందే గడ్డిలో మన్ను చూసుకోవాలి. తడి మడిలో రేక్ కిందికి దింపి లాగితే గడ్డితో పాటు మట్టి వస్తుంది, 15 శాతం ఉండాల్సిన బూడిద 25కు పోతుంది. కొలవడం కష్టం కాదు: 5 గ్రాముల పొడిని ఏ కాలేజీ ల్యాబులోనైనా 550 డిగ్రీల కొలిమిలో రెండు గంటలు కాల్చి తూకం వేయించండి. 20 శాతం దాటిన బేలు కొనొద్దు. కట్టేటప్పుడు తేమ 15 శాతం లోపు ఉండాలి. 20 దాటిన బేలు వాములో లోపలే వేడెక్కుతుంది, బూజు పడుతుంది, ఒక్కోసారి దానంతట అదే అంటుకుంటుంది. రోజుకు 100 కిలోలంటే ఏడాదికి 36 టన్నులు, బేళ్లుగా పేరిస్తే 300 ఘనపు మీటర్ల వాము. దాన్ని ఒకటే వాముగా కాకుండా మూడుగా, గ్యాసు హోల్డరుకూ షెడ్లకూ దూరంగా వేయండి.

మొదలుపెట్టేటప్పుడు తొందరపడి చెడగొట్టుకునేవాళ్లే ఎక్కువ. ట్యాంకు మొదట పేడ స్లర్రీతోనే నింపండి. అందులో పదో వంతైనా బాగా నడుస్తున్న గోబర్ గ్యాస్ ప్లాంటు నుంచి తెచ్చిన స్లర్రీ, అంటే తోడు, ఉండాలి. మొదటి గ్యాసులో గాలి కలిసి ఉంటుంది, రెండుసార్లు హోల్డరు నిండా వచ్చినదాన్ని వెలిగించకుండా బయటికి వదిలేయండి. 20 రోజుల తర్వాత మంట నీలంగా నిలిస్తే రోజుకు 20 కిలోల గడ్డితో మొదలుపెట్టి, వారానికి 20 కిలోలు పెంచుతూ ఐదో వారానికి 100కు చేరండి. కోళ్ల పెంట కూడా అదే నిష్పత్తిలో.

గ్యాసు తగ్గడం చివర్లో కనిపించే లక్షణం. అప్పటికే లోపల పులుపు ముదిరి ఉంటుంది. పీహెచ్ 6.8 నుంచి 7.5 మధ్య ఉండాలన్నది అందరికీ తెలుసు. కానీ పేడ స్లర్రీలో క్షారగుణం బలంగా ఉంటుంది కాబట్టి పీహెచ్ కదిలేసరికి ఆలస్యమైపోతుంది. వారానికి రెండుసార్లు ఈ పరీక్ష చేయండి: వడకట్టిన స్లర్రీ 20 మిల్లీలీటర్లు తీసుకుని, 0.1 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కచుక్కగా పోస్తూ పీహెచ్ 5.0కు తేవాలి. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో దాన్ని 250తో గుణిస్తే క్షారం. అక్కడి నుంచి 4.4కు తేవడానికి ఇంకెంత పట్టిందో దాన్ని 1.66తో గుణించి, 0.15 తీసేసి, 500తో గుణిస్తే ఆమ్లం. ఆమ్లాన్ని క్షారంతో భాగించండి. ఉదాహరణకు మొదట 18 మిల్లీలీటర్లు, తర్వాత 1.7 పట్టాయనుకోండి: క్షారం 4,500, ఆమ్లం 1,336, భాగిస్తే 0.30. ఇది 0.2 నుంచి 0.4 మధ్య ఉంటే నిశ్చింత. 0.4 దాటితే గడ్డి సగానికి తగ్గించండి. 0.5 దాటితే మేత పూర్తిగా ఆపేసి కలియబెడుతూ ఉండండి. సాధారణంగా వారంలో దానంతట అదే దిగుతుంది.

దిగకపోతే సున్నం పోయాలనిపిస్తుంది. వద్దు. సున్నం గ్యాసులోని కార్బన్ డయాక్సైడ్‌ను ఒక్కసారిగా పీల్చేస్తుంది. రబ్బరు పొర లోపలికి కుంగిపోతుంది, గాలి కూడా లోపలికి రావచ్చు. మిగిలిన సున్నం సుద్దగా మారి అడుక్కి చేరుతుంది. దానికి బదులు వంటసోడా ఘనపు మీటరుకు అర కిలో చొప్పున, రోజు విడిచి రోజు, పరీక్ష చూసుకుంటూ. మీ ట్యాంకుకు ఒక్కో మోతాదు 65 కిలోలు. ఖర్చు గుండె గుభేల్‌మనిపిస్తుంది. కాబట్టి వారానికి రెండు పరీక్షలే చౌక.

వేడి: సూక్ష్మజీవులకు 35 డిగ్రీలు ఇష్టం. వేసవిలో మనకు ఏమీ చేయనక్కర్లేదు. డిసెంబరు, జనవరిలో స్లర్రీ 20కి దిగితే గ్యాసు సగమవుతుంది. నానబెట్టే తొట్టిని ఎండలో కట్టడం, జనరేటర్ ఉంటే దాని వేడినీళ్లు తిప్పడం, రాత్రిపూట కాకుండా మధ్యాహ్నం మేత వేయడం, వీటితో చాలావరకు గట్టెక్కవచ్చు.

గ్యాసులో హైడ్రోజన్ సల్ఫైడ్ గురించి ప్లాంటు అమ్మేవాళ్లు చెప్పరు. పేడ గ్యాసులో 1,000 నుంచి 3,000 పీపీఎం (పది లక్షల్లో అన్ని వంతులు) ఉంటుంది, కోళ్ల పెంట కలిస్తే పైకే పోతుంది. ఇంజను నూనె చెడిపోకుండా ఉండాలంటే 200 లోపుకు దించాలి. చౌకైన పద్ధతి, గ్యాసు ఉండే పైభాగంలోకి కొద్దిగా గాలి వదలడం. అక్కడి సూక్ష్మజీవులు ఆ గాలితో సల్ఫైడ్‌ను పసుపుపచ్చ గంధకంగా మార్చి గోడలకు అంటిస్తాయి. మీ 54 ఘనపు మీటర్లకు రోజుకు 2 ఘనపు మీటర్ల గాలి, అంటే నిమిషానికి లీటరున్నర. చేపల తొట్టి పంపు చాలు. ఇందులో ప్రమాదం ఎక్కడంటే, ట్యాంకు పులిసి గ్యాసు ఆగిపోయినా పంపు తిరుగుతూనే ఉంటుంది, గాలి పేరుకుంటూ పేలే మిశ్రమం వైపు పోతుంది. గ్యాసు మీటరు కదలకపోతే పంపు ఆగేట్టు కట్టండి. అది చేయలేకపోతే గాలి పద్ధతి జోలికే వెళ్లకుండా, తుప్పుపట్టిన ఇనుప రజను డబ్బాలో నింపి గ్యాసును దాని గుండా పంపండి. వాడేసిన రజనును తీసి ఎండలో పోస్తే భగ్గున వేడెక్కుతుంది, తడిపి తీయండి. గ్యాసు దారిలో ఇత్తడి వాల్వు, రాగి గొట్టం ఎక్కడా వద్దు, ఈ వాయువు వాటిని తినేస్తుంది. హెచ్‌డీపీఈ పైపు, నూరు మీటర్లకు మీటరు వాలు, వాలు చివర నీళ్లు చేరి దిగిపోయే ట్రాప్. అన్నిటికంటే ముఖ్యం: మడ్డి తీయడానికి మనిషిని ట్యాంకులోకి దింపొద్దు. 100 పీపీఎం దాటితే ముక్కు మొద్దుబారుతుంది, వాసన రావట్లేదని దిగినవాడూ, అతన్ని లాగడానికి దిగినవాడూ ఇద్దరూ మిగలరు.

వచ్చిన గ్యాసుతో ఏం చేయాలి? 54 ఘనపు మీటర్లు రోజుకు 24 కిలోల ఎల్‌పీజీతో సమానం, 19 కిలోల హోటల్ సిలిండర్ ఒకటింపావు. కరెంటు తీస్తే 80 యూనిట్లు. డెయిరీలో వేడినీళ్లకూ పాల చల్లటి ట్యాంకుకూ ఇక్కడికిక్కడే వాడుకోవడం అన్నిటికంటే లాభం. సీబీజీగా మార్చి బంకుకు అమ్మే ఆలోచన మానుకోండి. 2018 అక్టోబరు 1న మొదలైన సతత్ (చమురు కంపెనీలు సీబీజీ కొనే కేంద్ర పథకం) కింద కొనాలంటే మీథేన్ 90 శాతం ఉండాలి, 250 బార్ పీడనానికి నొక్కాలి, పేలుడు పదార్థాల శాఖ అనుమతులు కావాలి. మీ ట్యాంకు నుంచి అలా వచ్చేది రోజుకు 20 కిలోలు. ఆ కంప్రెసర్ ఖర్చుకు అది దేనికీ ఆనదు. పైగా సల్ఫైడ్ కోసం గాలి వదిలితే నైట్రోజన్ కలిసి 90 శాతం చేరనే చేరదు.

హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌ను చూపించి "వాళ్లకు 10 టన్నులకే 500 యూనిట్లు వస్తోంది కదా" అని అడుగుతుంటారు. ఐఐసీటీ (హైదరాబాద్‌లోని భారత రసాయన సాంకేతిక సంస్థ) సాంకేతికతతో కట్టిన ఆ ప్లాంటు మంచిదే, వెళ్లి చూసి రండి. కానీ అక్కడ మేత కూరగాయల చెత్త. 90 శాతం నీరు, తెట్టు కట్టదు, కొద్ది రోజుల్లోనే అరిగిపోతుంది, దాని కష్టమల్లా త్వరగా పులిసిపోవడం. మీది నెమ్మదిగా అరిగే సరుకు, కష్టం తెట్టూ ఇసుకా. అక్కడి యంత్రం ఇక్కడ అచ్చంగా దింపితే పనిచేయదు.

మిగిలిన 600 టన్నుల గడ్డి. పెల్లెట్ మిషన్ మీ సంఘానికి నేను సిఫారసు చేయను. వరిగడ్డి గుళికకు కిలోకు 3,200 నుంచి 3,500 కిలోకేలరీలు, బూడిద 15 శాతం పైన. మిల్లు, మిషను కలిపి టన్నుకు 100 యూనిట్ల దాకా తింటాయి, ఆ సిలికా డై రంధ్రాలను తినేస్తుంది. బాయిలర్లోనూ పొటాషియం, క్లోరిన్ సిలికాతో కలిసి తక్కువ వేడికే కరిగి, గొట్టాల మీద గాజులా అంటుకుంటాయి. చుట్టుపక్కల పత్తికట్టె, కందికట్టె, వేరుశనగ పొట్టు దొరికితే మాట వేరు. వాటి బూడిద 5 శాతం లోపే, మూడొంతులు వాటికి ఒక వంతు గడ్డి కలిపితే బాయిలర్ వాళ్లు గొణగరు. ఇక్కడో విచిత్రం: వానకు తడిసి రంగు మారిన గడ్డిని పశువులు ముట్టవు, కానీ ఆరాక బాయిలర్‌కు అదే మేలు. వాన పొటాషియాన్నీ క్లోరిన్‌నూ కడిగేసి ఉంటుంది. కార్తె తప్పిన వానల్లో తడిసిన గడ్డిని కాల్చేయకుండా విడిగా ఆరబెట్టి ఇటుక బట్టీకో బాయిలర్‌కో అడగండి. మంచి బేళ్లకు పశుగ్రాసంగానూ, పెద్ద సీబీజీ ప్లాంట్లకూ గిరాకీ ఉంటుంది. 2025-26లో గ్యాసు కంపెనీలకు సీబీజీ 1 శాతం కలపడం తప్పనిసరైంది, 2028-29కి అది 5 శాతం.

ఫర్‌ఫ్యూరాల్, సిలికా తీయడం లాంటి రసాయనాల గురించి కూడా అడిగారు. ఫర్‌ఫ్యూరాల్‌కు వరిగడ్డికంటే గింజ ఒలిచిన మొక్కజొన్న కంకులు మేలు, వాటిలో పెంటోజాన్లు, అంటే ఫర్‌ఫ్యూరాల్‌గా మారే హెమీసెల్యులోజ్ భాగం, మూడో వంతు ఉంటాయి. అయినా టన్ను సరుకుకు పది టన్నుల పైన కంకులు, అంతకు రెండింతలు మించిన ఆవిరి, చివర్లో ఆమ్లం కలిసిన మురుగు. అది ఫ్యాక్టరీ పని. అస్సాంలోని నుమాలీగఢ్‌లో 2025 సెప్టెంబరులో ప్రారంభించిన వెదురు ప్లాంటు ఇథనాల్‌తో పాటు ఫర్‌ఫ్యూరాల్, ఎసిటిక్ ఆమ్లం కూడా తీసేట్టు కట్టినది. ప్రతి భాగాన్నీ విడిగా అమ్ముకోగలిగే ఆ స్థాయిలోనే అది గిట్టుబాటు. సిలికా అయితే రైస్ మిల్లు ఊక బూడిద వాళ్ల వ్యాపారం, గడ్డిది కాదు.

ట్యాంకుకు గుంత తవ్వే ముందు ఒక పని చేయండి. 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు తీసుకుని, నడుస్తున్న ప్లాంటు నుంచి తెచ్చిన స్లర్రీ 12 లీటర్ల చొప్పున పోయండి. ఒకదాంట్లో మీ మిల్లులో కొట్టిన, మీ మళ్లలోని గడ్డి 200 గ్రాములు. రెండోదాంట్లో గడ్డి వేయొద్దు, ఉత్త స్లర్రీయే. మూతలకు గొట్టాలు బిగించి, నీళ్లలో బోర్లించిన కొలత సీసాల్లోకి వదలండి. రోజుకోసారి కదిపి, నీడలో 40 రోజులు. గడ్డి వేసిన క్యాను గ్యాసులోంచి వేయని దాని గ్యాసు తీసేస్తే 45 లీటర్లు దాటితే పై లెక్కలన్నీ మీకు వర్తిస్తాయి. 30కీ 45కీ మధ్య వస్తే మిల్లు జల్లెడ సన్నం చేసి మళ్లీ చూడండి. 30 కూడా రాకపోతే ముందు ఆ గడ్డి బూడిద కొలిపించండి, పదింట ఎనిమిది సార్లు మన్నే బయటపడుతుంది.